చెర్రీ రొయ్యలు తెచ్చుకునేది దసరా తర్వాతే

అక్వేరియంలో అందానికి పెంచే చెర్రీ రొయ్యలు కొనాలనుకుంటే దసరా వెళ్ళేదాకా ఆగండి. ట్యాంకు మాత్రం వినాయక చవితికే పెట్టేయండి. ఆ రెండు పండగల మధ్య ట్యాంకు ఖాళీగా నడవాలి, ఆ తర్వాత చల్లబడుతున్న నీళ్ళలోకి రొయ్యలు దిగాలి. ఇది పట్టించుకోకుండా మార్చిలోనో ఏప్రిల్లోనో మొదలుపెట్టినవాళ్ళు "చెర్రీలు చాలా తేలికన్నారు, అన్నీ పోయాయి" అంటుంటారు. తేలికే. కాకపోతే ఆ మాట ఎండాకాలంలో కూడా గది చల్లగా ఉండే దేశాల్లో రాసింది. మన గోడలు మే నెలలో రాత్రి పదకొండింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటాయి.

సీజను లెక్క ఇదీ. అక్టోబరు చివర్లో సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఉన్న పిల్లలు 25 దించారనుకోండి. డిసెంబరుకల్లా ఆడవి గుడ్లు మోస్తాయి. జనవరిలో మొదటి విడత పిల్లలు వస్తాయి. అవి ఎదిగి గుడ్లు పట్టేసరికి మార్చి, ఏప్రిల్. రోహిణి కార్తె నాటికి ట్యాంకులో ఉండేవి మీరు కొన్న పాతిక కాదు, ఆ నీళ్ళలోనే పుట్టిన వంద పైచిలుకు. ఎండలకు కొన్ని పోయినా మంద నిలుస్తుంది.

చెర్రీ అని మనం పిలిచేది నియోకారిడీనా డేవిడి. తైవాన్, తూర్పు చైనా వైపు వాగుల్లోది. అడవిజాతి గోధుమ రంగులో, సగం పారదర్శకంగా ఉంటుంది. ఎరుపు, పసుపు, నీలం, నలుపు అన్నీ మనుషులు ఏరి ఏరి తెచ్చినవే. పెద్దదైతే రెండున్నర, మూడు సెంటీమీటర్లు. ఆయుష్షు ఏడాది నుంచి రెండేళ్ళు. పెంచేవాడికి దీనిలో ఉన్న పెద్ద సౌకర్యం, గుడ్డులోంచి లార్వాగా కాకుండా చిన్న సైజు రొయ్యగానే బయటికి రావడం. మన నీలకంఠ రొయ్య లార్వాకు ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి, అందుకే దానికి హేచరీ తప్పదు. జపాన్ అక్వేరియం నిపుణుడు టకాషి అమానో నాచు తినడానికి ట్యాంకుల్లో వాడి ప్రచారంలోకి తెచ్చిన అమానో రొయ్యదీ అదే బాధ. గుడ్లు పెడుతుంది, పిల్లలు మంచినీళ్ళలో బతకవు. చెర్రీకి ఆ గొడవ లేదు. నీళ్ళు కుదిరితే అదే పెరుగుతుంది.

నీళ్ళు కుదరడం అంటే

జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం కొలత) 6 నుంచి 8 డిగ్రీలు, కేహెచ్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే కార్బొనేట్ల కొలత) 2 నుంచి 5 డిగ్రీలు, పీహెచ్ 6.8 నుంచి 7.8, టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 150 నుంచి 250 పీపీఎం. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ 20 లోపు. వేడి 20 నుంచి 26 డిగ్రీలు. వీటికి కాస్త అటూఇటూ అయినా చెర్రీ తట్టుకుంటుంది. తట్టుకోనిది ఇవాళ ఒకలా, రేపు ఒకలా మారడం.

మనవాళ్ళు ఎక్కువగా పొరపడేది టీడీఎస్ దగ్గర. రెండు మూడు వందలకు వచ్చే పెన్నులాంటి మీటరు కొని, 200 చూపిస్తే చాలనుకుంటారు. ఆ మీటరు నీళ్ళలో కరిగిన లవణాలు మొత్తం ఎన్నో సుమారుగా చెబుతుంది, అవి ఏమిటో చెప్పదు. రొయ్యకు కావలసింది కాల్షియం, మెగ్నీషియం. పెంకు వాటితోనే కడుతుంది. ఆ రెండింటి లెక్క జీహెచ్. దానికి చుక్కల టెస్టు కిట్ విడిగా కొనాల్సిందే. భీమవరం వైపు ఆక్వా షాపుల్లో చెరువుల కోసం అమ్మే హార్డ్‌నెస్ కిట్ కూడా పనికొస్తుంది. అది పీపీఎంలో చెబుతుంది, 17.8తో భాగిస్తే డిగ్రీలు వస్తాయి.

ఇది ఎందుకింత గట్టిగా చెప్పాలంటే, అపార్ట్‌మెంట్లలో పెట్టే వాటర్ సాఫ్ట్‌నర్ వల్ల. అది కాల్షియం, మెగ్నీషియం లాగేసి వాటి బదులు సోడియం వదులుతుంది. టీడీఎస్ దాదాపు ముందెంతో తర్వాతా అంతే. మీటరు చూస్తే తేడా తెలియదు. జీహెచ్ మాత్రం సున్నా దగ్గరికి పడిపోతుంది. ఆ నీళ్ళలో రొయ్యలు రెండు మూడు వారాలు హాయిగానే తిరుగుతాయి, పెంకు విడిచే రోజు వచ్చేసరికి ఒక్కొక్కటే చనిపోతాయి. మీ బ్లాకులో సాఫ్ట్‌నర్ ఉందో లేదో వాచ్‌మన్‌ని అడగండి. ఉంటే కుళాయి నీళ్ళు వదిలేసి ఆర్వో నీళ్ళతో మొదలుపెట్టండి.

మామూలు బోరు నీళ్ళైతే కలుపుకోవచ్చు. బోరు టీడీఎస్ 600, ఇంటి ఆర్వో 40, మీకు కావలసింది 200 అనుకోండి. 200లోంచి 40 తీస్తే 160. 600లోంచి 40 తీస్తే 560. 160ని 560తో భాగిస్తే 0.286. అంటే 40 లీటర్లకు బోరు నీళ్ళు పదకొండున్నర లీటర్లు, మిగతా ఇరవై ఎనిమిదిన్నర ఆర్వో. బోరు జీహెచ్ 20 ఉంటే కలిపాక ఐదున్నర, ఆరు మధ్య వస్తుంది. బాగుంది. అదే సముద్రానికి దగ్గర ఊళ్ళో బోరులో ఉప్పు పాలు ఎక్కువై జీహెచ్ 8 మాత్రమే ఉంటే, అదే లెక్కలో కలిపాక మిగిలేది రెండుకు పైన కాస్త. టీడీఎస్ 200 సరిగ్గా వచ్చింది, రొయ్యకు పనికొచ్చే నీళ్ళు రాలేదు. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లయితే కలపడం మాట వదిలేసి పూర్తిగా ఆర్వో మీదే నడపడం మేలు.

పూర్తి ఆర్వో వాడితే ఖనిజాలు మనమే వేయాలి. రొయ్యల కోసం తయారు చేసిన పొడులు డబ్బాల్లో వస్తాయి, వాటి మీద రాసిన కొలత చాలు. ఖర్చు వద్దనుకుంటే 20 లీటర్ల ఆర్వో క్యానుకు జిప్సం రెండున్నర గ్రాములు, ఎప్సమ్ సాల్ట్ 1.8 గ్రాములు, వంట సోడా 1.2 గ్రాములు. జీహెచ్ 6, కేహెచ్ 2 వస్తాయి. జిప్సం స్వచ్ఛమైనది కావాలి, గోడలకు పూసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కాదు. వంట సోడా అంటే సోడాయే, బేకింగ్ పౌడర్ కాదు. 0.01 గ్రాము చూపే చిన్న కాటా ఉంటేనే ఈ పనికి దిగండి, చెంచా కొలతలతో వద్దు. జిప్సం చాలా నెమ్మదిగా కరుగుతుంది. బకెట్లో గాలి రాయి వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున అడుగున తెల్లగా పొడి కనిపిస్తే ఇంకా కరగలేదన్నమాట, కొలిస్తే జీహెచ్ తక్కువ చూపుతుంది, అది చూసి ఇంకాస్త వేయకండి.

ఒక జాగ్రత్త. ఈమధ్య ఇళ్ళలో రాగి కార్ట్రిడ్జ్ ఉన్న ప్యూరిఫైయర్లు బాగా వచ్చాయి. మనుషులకు మంచిదో కాదో నాకనవసరం, రొయ్యకు రాగి విషం. ఆ కుళాయి నీళ్ళు ట్యాంకులోకి రాకూడదు. రాగి బిందెలో నిలవ చేసిన నీళ్ళూ అంతే. ఇంకో అపోహ కూడా ఇక్కడే తేల్చేద్దాం. మొక్కల ద్రవ ఎరువుల్లో రాగి ఉంటుందని భయపడి అసలు ఎరువే వేయనివాళ్ళున్నారు. అందులో ఉండేది అతి కొద్ది, డబ్బా మీద రాసిన మోతాదులో ఏమీ కాదు. చేపల మందుల్లో ఉండే కాపర్ సల్ఫేట్ సంగతి వేరు, అది ఒక్కసారి పడినా మంద మొత్తం పోతుంది.

మున్సిపల్ నీళ్ళైతే క్లోరిన్. గాలి రాయి వేసి ఒక రోజు ఉంచితే పోతుంది. తొందరుంటే సోడియం థయోసల్ఫేట్, అక్వేరియం షాపులో హైపో అంటారు, 20 లీటర్లకు 0.2 గ్రాము. సంపులో బ్లీచింగ్ పౌడర్ కొట్టిన వారం మాత్రం ఆ సంపు నీళ్ళు ముట్టుకోకండి. డెంగీ రోజుల్లో దోమ లార్వాలు చావాలని సంపుల్లో, డ్రమ్ముల్లో టెమిఫాస్ మందు వేసి వెళ్తుంటారు. అది వేసిన నీళ్ళు హైపోతో బాగుపడవు.

ట్యాంకు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్కకు 56 లీటర్లు, మట్టీ రాళ్ళూ పోను 45. ఇంతకంటే చిన్నది పెట్టొచ్చు గానీ ఎండాకాలంలో చిన్న ట్యాంకు త్వరగా వేడెక్కుతుంది. ఫిల్టరు స్పాంజిదే వాడండి, గాలి పంపుతో నడిచేది. పిల్లలు అందులోకి ఇరుక్కోవు, పైగా స్పాంజి మీద చేరిన మురికిని రోజంతా గీరుకు తింటాయి. వెనక వేలాడే ఫిల్టరే ఉంటే, నీళ్ళు లాగే గొట్టానికి సన్నటి స్టీలు జాలీయో స్పాంజో తొడగకుండా నడపొద్దు. అడుగున బాగా కడిగిన సన్న కంకర చాలు. యాక్టివ్ సాయిల్ అనే ఖరీదైన మట్టి పీహెచ్‌ని ఆరు దగ్గరికి లాగుతుంది, కేహెచ్‌ని తినేస్తుంది. అది క్రిస్టల్ రెడ్ లాంటి కారిడీనా అనే వేరే జాతి రొయ్యలకు కావాలి, చెర్రీకి అక్కర్లేదు.

మొక్కల్లో జావా మాస్ తప్పనిసరి. గుప్పెడు కాదు, ట్యాంకులో నాలుగో వంతు నిండాలి. పిల్లలు మొదటి రెండు మూడు వారాలు అందులోంచి బయటికి రావు. అనూబియాస్, జావా ఫెర్న్ చెక్కకు కట్టేయండి. పైన తేలే మొక్క ఏదో ఒకటి ఉంటే నైట్రేట్ లాగుతుంది, వెలుతురు తగ్గిస్తుంది. మన చెరువుల్లో దొరికే అంతరతామర బాగా పనిచేస్తుంది, దాని వేళ్ళల్లో పిల్లలు వేలాడుతుంటాయి. అయితే చెరువు మొక్క ఏదైనా నేరుగా తెచ్చి వేయకండి. దాంతోపాటు తూనీగ పిల్ల వచ్చిందంటే రోజుకు రెండు మూడు రొయ్యలు మాయమవుతుంటాయి, మీకు కారణం దొరకదు. లీటరు నీళ్ళకు 5 నుంచి 10 గ్రాముల పటిక కరిగించి రెండు గంటలు ముంచి, బాగా కడిగి, ఆపైన వారం పది రోజులు విడి బకెట్లో రోజూ నీళ్ళు మారుస్తూ ఉంచండి. నర్సరీ నుంచి వచ్చిన మొక్కకైతే ఈ బకెట్ వాసం పురుగుమందు వదలడానికి.

కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఈ ట్యాంకుకు వద్దు. పైన చెప్పిన మొక్కలు అది లేకుండానే పెరుగుతాయి. లైటు రోజుకు ఆరేడు గంటలు చాలు.

ఇక ఆ ఖాళీ వారాలు. ట్యాంకు నింపి ఫిల్టరు వేశాక చిటికెడు చేపల మేత రెండు రోజులకోసారి వేస్తూ ఉండండి. అది కుళ్ళి అమ్మోనియా అవుతుంది, దాన్ని తినే బాక్టీరియా స్పాంజిలో స్థిరపడుతుంది. అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నా వచ్చి నైట్రేట్ కనిపించేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు. చాలామంది అక్కడితో రొయ్యలు వేస్తారు. ఇంకో రెండు వారాలు ఆగితే మంచిది, ఎందుకంటే చెక్క మీద, ఆకుల మీద చేత్తో తాకితే జారే పల్చటి పొర అప్పటికి గానీ కట్టదు. పిల్లల అసలు తిండి అదే. దసరా దాటి దీపావళి అయినా పరవాలేదు. అద్దం శుభ్రంగా మెరిసిపోతుంటే ట్యాంకు ఇంకా సిద్ధం కాలేదని అర్థం. ఆ పొర త్వరగా కట్టాలంటే నాటు బాదం చెట్టు కింద రాలి ఎండిన ఆకు ఒకటి కడిగి, వేడినీళ్ళు పోసి తీసి, ట్యాంకులో వేయండి. విదేశాల్లో ఆ ఆకును పాకెట్లలో పెట్టి అమ్ముతారు, మనకు వీధి చివర చెట్టు కింద ఊరికే దొరుకుతుంది. నీళ్ళు కాస్త టీ రంగు తిరుగుతాయి, నష్టం లేదు. ఈనెలు మాత్రమే మిగిలేదాకా ఉంచి, అప్పుడు కొత్తది వేయండి.

దించే రోజు, ఆ తర్వాత

పెద్దవి కాకుండా చిన్నవి కొనండి. షాపులో ఎర్రగా నిగనిగలాడే పెద్ద ఆడరొయ్య అప్పటికే ఏడాది బతికి ఉండొచ్చు. చిన్నవి కొత్త నీళ్ళకు త్వరగా అలవాటుపడతాయి, మీ ట్యాంకులో గడిపే కాలమూ ఎక్కువ. సంఖ్య 20కి తగ్గొద్దు. ఐదారుతో మొదలుపెడితే అన్నీ ఒకే లింగం కావచ్చు, కాకపోయినా నాలుగు తరాల తర్వాత దగ్గరి చుట్టరికం వల్ల మంద నీరసపడుతుంది.

కవరులోంచి గిన్నెలోకి నీళ్ళతో సహా వంచి, ట్యాంకు నుంచి గాలి గొట్టం వేసి, గొట్టానికి ముడి వేసి సెకనుకు ఒకటి రెండు చుక్కలు పడేలా బిగించండి. గిన్నెలో నీళ్ళు మూడింతలు అయ్యేదాకా, అంటే సుమారు రెండు గంటలు. టీడీఎస్ మీటరు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. గిన్నెలో, ట్యాంకులో అంకెలు దగ్గరపడితే వలతో తీసి వదలండి, కవరు నీళ్ళు ట్యాంకులో పోయకండి. మొదటి రోజు రంగు వెలిసిపోయి, మూలన నక్కి ఉంటాయి. సహజమే.

మేత విషయంలో తక్కువే ఎక్కువ అనుకోండి. 25 పిల్లలకు వారానికి మూడుసార్లు, ఆవగింజ రెండింతల మాత్ర ఒక్కటి. రెండు మూడు గంటల్లో తినకపోతే తీసేయాలి. చిన్న గాజు గిన్నెలో వేస్తే తీయడం సులువు. పాలకూర ఆకు, మునగాకు రెండు నిమిషాలు ఉడికించి వేయొచ్చు. బజారు ఆకుకూరలకు పురుగుమందు భయం ఉంటుంది కాబట్టి పెరట్లో మునగచెట్టు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. పూర్తి ఆర్వో మీద నడిపేవాళ్ళు ఆయుర్వేద దుకాణంలో దొరికే సముద్రఫేనం బొటనవేలంత ముక్క అడుగున పడేయొచ్చు, కాల్షియం నెమ్మదిగా వదులుతుంది. బోరు నీళ్ళకు దాని అవసరం లేదు.

వారానికి పది శాతం నీళ్ళు మార్చండి, ముందే సిద్ధం చేసి ట్యాంకు వేడికి వచ్చిన నీళ్ళతో, గాలి గొట్టంలోంచి నెమ్మదిగా. సగం ట్యాంకు ఒకేసారి మార్చడం చేపలకు నడుస్తుందేమో, రొయ్యలకు నడవదు. నీళ్ళ గుణం ఒక్కసారిగా మారితే అవి సమయం కాకుండానే పెంకు విడవబోతాయి.

పెంకు విడవడం గురించి రెండు మాటలు. చిన్నవి వారానికోసారి, పెద్దవి మూడు నాలుగు వారాలకోసారి విడుస్తాయి. అడుగున పారదర్శకంగా, ఖాళీగా, మీసాలతో సహా పడి ఉండేది పెంకు. చనిపోయిన రొయ్య అయితే లోపల కండ ఉంటుంది, ఉడికించినట్టు గులాబీ రంగులోకి తిరుగుతుంది. పెంకును తీయకండి, అవే తినేస్తాయి. చనిపోయినదాన్ని తీసేయండి. బతికున్న రొయ్యకు తలా పొట్టా కలిసే చోట చుట్టూ తెల్లటి పట్టీలా కనిపిస్తే అది బయటపడటం కష్టం. పెంకు వీపు మీద మాత్రమే చీలాల్సింది చుట్టూ విరిగిపోయి, లోపలిది బయటికి రాలేక ఇరుక్కుంటుంది. ఒకటి కనిపిస్తే జీహెచ్ కొలవండి, ఈమధ్య నీళ్ళు ఎంత మార్చారో గుర్తు చేసుకోండి, మాంసపు మేత ఎక్కువ పెడుతున్నారేమో చూడండి. ఈ మూడింటిలోనే కారణం దొరుకుతుంది, మందుల షాపులో కాదు.

గుడ్ల నుంచి పిల్లల దాకా

ఆడది పెద్దది, రంగు చిక్కన, పొట్ట కింది అంచు గుండ్రంగా దిగి ఉంటుంది. మగది సన్నగా, నిటారుగా, కాస్త వెలిసిన రంగులో. రెండున్నర, మూడు నెలలకు ఆడదాని మెడ వెనక వీపు మీద పసుపో ఆకుపచ్చో మచ్చ కనిపిస్తుంది, దాన్నే శాడిల్ అంటారు. అవి లోపల తయారవుతున్న గుడ్లు. తర్వాతి సారి పెంకు విడవగానే ఆడది నీళ్ళలోకి వాసన వదులుతుంది. ఆ రోజు మగవన్నీ పిచ్చెక్కినట్టు ట్యాంకంతా ఈదుతాయి. కొత్తవాళ్ళు అది చూసి నీళ్ళు పాడయ్యాయని కంగారుపడి మార్చేస్తుంటారు. ముందు అమ్మోనియా కొలవండి. సున్నా ఉంటే, ఊపిరాడక పైకి ఎగబాకడం లాంటిది లేకపోతే, ఊరికే ఉండండి.

ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పొట్ట కిందికి చేరతాయి. ఇరవై, ముప్పై ఉంటాయి, పెద్ద ఆడదానికి ఇంకా ఎక్కువ. కాళ్ళతో అస్తమానం విసురుతూ గాలి ఆడేలా చూస్తుంది. 24, 25 డిగ్రీల దగ్గర సుమారు నాలుగు వారాలకు, 28 దగ్గర మూడు వారాలకే పొదుగుతాయి. చివరి రోజుల్లో గుడ్డులో నల్లటి కళ్ళు కనిపిస్తాయి. మొదటిసారి మోసేవి కొన్ని గుడ్లు రాల్చేస్తాయి, దానికి చేసేదేమీ లేదు. గుడ్ల తల్లిని పట్టి విడి పెట్టెలో పెట్టకండి. ఆ వల తోపులాటలోనే గుడ్లు రాలిపోతాయి, పైగా పెట్టెలో తినడానికి పొర ఉండదు.

పిల్ల రెండు మిల్లీమీటర్లు. పుట్టిన చోటి నుంచి అంగుళం దూరం కూడా పోదు, కాళ్ళ కింద ఉన్నదే తింటుంది. కాబట్టి మీ పని ట్యాంకుని మరీ శుభ్రం చేయకపోవడం. అడుగున చేరిన మెత్తటి మురికిని సైఫన్‌తో లాగొద్దు, వెనక అద్దం తుడవొద్దు, స్పాంజిని నెలకోసారి ట్యాంకు నీళ్ళలోనే రెండుసార్లు పిండండి. గుడ్లు కనిపిస్తున్నాయి, పిల్లలు మాత్రం కనిపించడం లేదు అంటే వరసగా చూడాల్సినవి: చేపలున్నాయా, ఫిల్టరు నోరు మూసి ఉందా, మాస్ సరిపడా ఉందా, పిల్లల్ని తినే హైడ్రా అనే పురుగు ఉందా. గప్పీలు పెద్ద రొయ్యల్ని ఏమీ చేయవు, పిల్లల్ని మాత్రం ఒక్కటీ మిగల్చవు. పెంపకం కావాలంటే చేపలు లేని ట్యాంకే.

రంగు నిలవాలంటే ఒక ట్యాంకులో ఒకే రంగు. ఎరుపు, నీలం, పసుపు కలిపి వేస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ అన్నీ ఒకే జాతి, వాటిలో అవి కలుస్తాయి. రెండు మూడు తరాలకు తాతల గోధుమ రంగు తిరిగొస్తుంది. ఒకే రంగు పెట్టినా రెండు నెలలకోసారి కూర్చుని ఏరాలి. కాళ్ళు రంగు లేనివి, వీపు మీద ఖాళీలున్నవి తీసి వేరే ట్యాంకులో వేయండి. ఆడవాటిని చూసి ఏరడం సులువు గనక అందరూ అవే ఏరుతారు, మగవాటిని వదిలేస్తారు. పిల్లల రంగులో సగం తండ్రిది. చక్కగా రంగు పట్టిన మగవి నాలుగైదు దొరికితే వాటిని అపురూపంగా చూసుకోండి. జపాన్‌లో హిసయాసు సుజుకి 1990లలో నలుపు తెలుపు బీ రొయ్యల్లో ఎప్పుడో ఒకటి పుట్టే ఎర్రవాటిని ఇలా ఏరి, వాటిలో వాటినే కలిపి క్రిస్టల్ రెడ్‌ని నిలబెట్టాడు. ఆ కారిడీనాలు చెర్రీతో కలవవు కాబట్టి పక్కపక్కన ఉన్నా రంగు చెడదు, కానీ రెంటికీ కావలసిన నీళ్ళు వేరు. నీళ్ళు చల్లబరిచే చిల్లరు యంత్రం కొనే స్తోమత లేకుండా మన ఊళ్ళలో వాటి జోలికి వెళ్ళొద్దనే నా మాట.

ఏడాదికోసారి వేరే చోటి నుంచి అదే రంగు రొయ్యలు ఐదారు తెచ్చి కలపండి. ముందు నెల రోజులు విడిగా ఉంచి.

ఇంట్లో దాగిన విషాలు

దోమల మందు. ప్లగ్గులో పెట్టే ద్రవం, కాయిల్, స్ప్రే, అన్నిటిలోనూ పైరెథ్రాయిడ్లే. పురుగుకు పనిచేసేది రొయ్యకూ పనిచేస్తుంది, రెండూ కీళ్ళ కాళ్ళ జీవులే. గాలి పంపు గదిలోని గాలిని లాగి నేరుగా నీళ్ళలోకి కొడుతుంది కాబట్టి మూత పెట్టినంత మాత్రాన సరిపోదు. ట్యాంకున్న గదిలో దోమతెర వాడండి. వీధిలో ఫాగింగ్ బండి వస్తే కిటికీలు మూసి, అరగంట పంపు ఆపేయండి. చేతికి ఓడోమాస్ రాసుకుని ట్యాంకులో చెయ్యి పెట్టకండి. పెస్ట్ కంట్రోల్ చేయిస్తుంటే ట్యాంకుని ఆ రోజుకు వేరే ఇంటికి పంపడమే.

అద్దం మీద కనిపించే పురుగుల్లో ఇద్దరే శత్రువులు. హైడ్రా, అద్దానికి అంటుకుని సన్నటి చేతులు చాపిన తెల్లటి పోగు. ప్లనేరియా, బాణం మొనలాంటి తలతో అద్దం మీద జారే చదును పురుగు. దారప్పోగులా మెలికలు తిరిగే సన్న పురుగులు, గెంతే తెల్ల చుక్కలు హానిచేయవు, మేత ఎక్కువవుతోందని మాత్రం చెబుతున్నాయి. హైడ్రా, ప్లనేరియా రెండింటికీ ఫెన్‌బెండజోల్, పశువుల మందుల షాపులో దొరుకుతుంది. 40 లీటర్లకు అసలు మందు 25 మిల్లీగ్రాములు మించకుండా. 150 మిల్లీగ్రాముల మాత్రలో ఆరో వంతు. నూరి కాసిని నీళ్ళలో కలిపి పోసి, రెండు మూడు రోజుల తర్వాత కొద్దికొద్దిగా నీళ్ళు మార్చండి. నత్తలుంటే ముందే తీసేయాలి, మందు ఆనవాళ్ళు చాలా కాలం ఉంటాయి. ప్లనేరియాకు అమ్మే ఇంకో మందు వక్క నుంచి తీసిందే. అలాగని ఇంట్లో వక్కపొడి వేసి చూడకండి, ఎంత మందు దిగిందో కొలిచే దారి లేదు.

తల ముందు, ముక్కు దగ్గర తెల్లటి పోగులు కదులుతుంటే అది స్కుటరియెల్లా, రొయ్యకు అంటుకుని బతికే పురుగు. గ్లాసు ట్యాంకు నీళ్ళలో చెంచా ఉప్పు కరిగించి, రొయ్యను అర నిమిషం ముంచి తీసేయండి. అయోడిన్ లేని ఉప్పు.

మార్చి నుంచి జూన్

నీళ్ళు 28 దాటితే గుడ్లు రాలడం మొదలవుతుంది. 32 దగ్గర సంతానం దాదాపు ఆగిపోతుంది. ప్రాణం తీసేది ఎక్కువగా ఆక్సిజన్ కొరత. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడుతుంది. అదే వేడికి రొయ్య, బాక్టీరియా రెండూ ఎక్కువ పీలుస్తాయి. రాత్రి మొక్కలు కూడా పీలుస్తాయి. అందుకే చావులు తెల్లవారుజామున కనిపిస్తాయి. మార్చిలోనే రెండో గాలి రాయి వేసేయండి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ పంపు ఒకటి కొని పెట్టుకోండి, సగం మేత తగ్గించండి, లైటు పగలు కాకుండా రాత్రి వేయండి.

ట్యాంకుని పడమటి గోడకు దూరంగా, వీలైతే నేల మీద పెట్టండి. మూత తీసి నీళ్ళ మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. ఈ కిటుకు హైదరాబాద్, కర్నూలు లాంటి పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో నీళ్ళు పెద్దగా ఆవిరి కావు కాబట్టి డిగ్రీ తగ్గితే గొప్ప. ఫ్యాను పెట్టాక రోజుకు లీటరు దాకా ఆవిరవుతుంది. ఆ లోటు ఉత్త ఆర్వో నీళ్ళతోనే పూడ్చాలి. ఆవిరయ్యేది నీళ్ళే, ఖనిజాలు లోపలే ఉంటాయి. కలిపిన నీళ్ళు పోస్తూ పోతే నెల తిరిగేసరికి టీడీఎస్ 200 నుంచి 300 దగ్గరికి చేరుతుంది, తప్పు ఎండదని మీరనుకుంటారు. ఐసు సీసాలు వేయడం చివరి మార్గం. అరలీటరు సీసా ఒకటి, మధ్యాహ్నం, డిగ్రీ తగ్గగానే తీసేయాలి. పొద్దున 26, మధ్యాహ్నం 33, ఐసు వేశాక 25 అని ఊగే ట్యాంకు కంటే రోజంతా 30 మీద నిలకడగా ఉన్నదే నయం.

చలికాలం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆదిలాబాద్ లాంటి బాగా చలి పడే చోట్ల తప్ప హీటరు అక్కర్లేదు. అక్కడ కూడా 22కి పెడితే చాలు, అది బతకడానికి కాదు, పిల్లలు పుట్టడం ఆగకుండా.

45 లీటర్లలో 150 దాటాయంటే కొన్ని ఇచ్చేయాల్సిన సమయం. రంగు బాగోలేదని తీసినవీ, మిగులువీ చెరువులోనో కాలవలోనో వదలకండి. జర్మనీలో పవర్ ప్లాంటు వేడినీళ్ళు కలిసే గిల్‌బాక్ వాగులో ఇవి స్థిరపడిపోయాయి. మన కాలవలు ఏడాదంతా వెచ్చగానే ఉంటాయి. ఎవరికైనా ఇవ్వండి. కొరియరులో పంపేది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే. ముందు రోజు మేత పెట్టకండి. కవరులో మూడో వంతు నీళ్ళు, మిగతాది గాలి, పట్టుకోవడానికి చిటికెడు మాస్, కవరుకు పదికి మించకుండా. థర్మకోల్ పెట్టెలో పెట్టి సోమవారం పొద్దున ఇవ్వండి, శుక్రవారం ఇస్తే ఆదివారమంతా గోడౌన్లో కూర్చుంటుంది.